‘బాగానే ఉంది’ బండి

పాత బండి కొనబోయేవాళ్లు దాని ఓనర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "బండి ఎలా ఉందండీ?" హోండా సీఎక్స్500 మోటార్ సైకిల్ ఓనర్‌ని ఈ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే. "ఆఁ, బాగానే ఉంది." అంతే, ఆ తర్వాత మాట ఉండదు. అదే మనిషిని "దీంతో ఇబ్బందులేమిటి?" అని అడిగి చూడండి. గంటన్నర కదలనివ్వడు. కామ్ చెయిన్ దగ్గర మొదలుపెట్టి, స్టేటర్ మీదుగా, ఇంజను వెనక అడుగున ఉండే ఒక చిన్న కన్నం దాకా తీసుకెళ్తాడు. ఆ కన్నం గురించే అరగంట చెప్తాడు.

నేనూ ఆ జాతివాణ్నే. నా బండి 1981లో తయారైంది. నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లయింది. అంతకుముందు ఎన్ని చేతులు మారిందో తెలియదు గానీ, ట్యాంకు కింద వైర్లకు ముగ్గురు వేర్వేరు మనుషులు చుట్టిన మూడు రంగుల ఇన్సులేషన్ టేపు మాత్రం ఉంది. ఈ పదకొండేళ్లలో తోటి ఓనర్లతో మాట్లాడి మాట్లాడి నాకొక సంగతి అర్థమైంది. ఈ బండిని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం దాని మంచితనమే. ఓనర్‌కి చెప్పుకోవడానికి కథ మిగల్చదు.

పేరున్న పాత బళ్లను ఒక్కసారి తలుచుకోండి. ఒకటి కిక్కు వెనక్కి తన్ని కాలు వాచిపోయేలా చేస్తుంది. ఇంకొకటి థ్రాటిల్ కాస్త ఎక్కువ తిప్పితే ముందు చక్రం లేపి పైప్రాణాలు పైనే పోయేలా చేస్తుంది. మరొకటి జోరువానలో, అర్ధరాత్రి, మనిషి అలికిడి లేనిచోట చక్కగా ఆగిపోతుంది. ఇరవై ఏళ్లు గడిచినా ఆ ఓనర్లు ఆ రాత్రి గురించి చెప్తూనే ఉంటారు, వినేవాళ్లు నోరు తెరుచుకుని వింటూనే ఉంటారు. అప్పుడు పడ్డ బాధ ఇప్పుడు గొప్ప అయిపోతుంది. మరి సీఎక్స్ ఏం చేస్తుంది? పొద్దున చోక్ లాగి బటన్ నొక్కితే స్టార్టవుతుంది. వెళ్లాల్సిన చోటికి తీసుకెళ్తుంది, సాయంత్రం వెనక్కి తీసుకొస్తుంది. ఇందులో నేను ఎవరికి ఏం చెప్పను?

ఈ బండి 1978 మోడల్‌గా జనం ముందుకొచ్చింది. అదే ఏడాది హోండా ఇంకో బండి కూడా తెచ్చింది, సీబీఎక్స్. 1,047 సీసీ, ఆరు సిలిండర్లు వరసగా పేర్చి, ముందు నుంచి ఆరు పైపులు కిందికి దిగుతుంటే చూసినవాడు చూసినట్టే నిలబడిపోయేవాడు. ఒకే ఇంట్లో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకడు సినిమా హీరోలా ఉంటే, ఇంకొకడు చిన్నప్పటి నుంచే ఇంటి లెక్కలు రాసే పిల్లాడిలా ఉన్నాడన్నమాట. చుట్టాలు ఎవరి చుట్టూ చేరతారో చెప్పాలా?

ఆ లెక్కల పిల్లాడి దగ్గర ఏమున్నాయో చూడండి. 497 సీసీ ఇంజనుకు నీళ్ల కూలింగు. వెనక చక్రాన్ని తిప్పడానికి చెయిన్ బదులు షాఫ్ట్, అంటే ఇనుప కడ్డీ. స్పార్కు ఇప్పించే పాయింట్లు అరిగిపోయే గొడవ లేకుండా ఎలక్ట్రానిక్ సీడీఐ ఇగ్నిషన్. స్పోకుల బదులు రేకులు రివెట్లతో బిగించిన కామ్‌స్టార్ చక్రాలు, వాటి మీద ట్యూబ్‌లెస్ టైర్లు. ఆ కాలంలో ఐదొందల సీసీ బండిలో ఇవన్నీ ఒక్కచోట దొరకడం అరుదు. ప్రతీదీ ఓనర్ పనిని ఒకటి తగ్గించేదే. చెయిన్‌కి నూనె పెట్టక్కర్లేదు, బిగించక్కర్లేదు. పాయింట్లు గీకక్కర్లేదు. పంక్చరైతే టైరు ఒక్కసారిగా గాలి వదిలేయదు. డ్రాయింగు బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు ఆదివారాలు ఖాళీగా ఉంచుకోవాలనుకునే మనిషిని దృష్టిలో పెట్టుకున్నట్టుంది.

అందం విషయంలో మాత్రం ఆ మనిషినీ తలుచుకోలేదు, ఇంకెవరినీ తలుచుకోలేదు. లావుపాటి ట్యాంకు, హెడ్‌లైటూ మీటర్లూ అన్నీ మింగేసిన ప్లాస్టిక్ ముక్కు, ముందు అడ్డంగా రేడియేటర్, రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన సిలిండర్లు. బ్రిటన్‌లో దీనికి ‘ప్లాస్టిక్ మ్యాగట్’ అని పేరు పెట్టారు, ప్లాస్టిక్ పురుగు అని. కుళ్లినదాంట్లో మెలికలు తిరిగే తెల్ల పురుగు ఉంటుందే, అది. జర్మన్లు ఇంకాస్త ముందుకెళ్లి ‘గ్యుల్లెపుంపె’ అన్నారు. అంటే పశువుల కొట్టం కింద చేరిన పేడనీళ్లు తోడే పంపు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినండి, ఆ పేరు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదని ఒప్పుకుంటారు. ఐడిలింగ్‌లో లోపల ఎవరో చెంచాల డబ్బా ఊపుతున్నట్టు ఉంటుంది. నేను బండి ఆపిన చోట ఇప్పటికి కనీసం పదిమంది "ఇది డీజిలా?" అని అడిగుంటారు.

తమాషా ఏమిటంటే ఓనర్లు ఆ తిట్టుపేర్లనే బిరుదుల్లా వాడుకుంటారు. బండిని పొగడమంటే నీళ్లు నమిలే మనిషి ‘నా పురుగు’ అనేటప్పుడు మాత్రం ఒక ముద్దు వినిపిస్తుంది. ఓనర్ అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలంటే అతను చెప్పే మాటల కన్నా బండిని ఏమని పిలుస్తాడో విన్నా చాలు.

ఇక ఇంజను. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ బండి మీద వచ్చే విమర్శల్లో సగం ఇంజనును సరిగా చూడకపోవడం వల్ల వచ్చినవే.

ముందు నుంచి చూస్తే రెండు సిలిండర్లు వి ఆకారంలో చెరో పక్కకీ వాలి ఉంటాయి, మధ్య కోణం 80 డిగ్రీలు. పిస్టన్లు తిప్పే క్రాంకు బండి పొడవునా, ముందు నుంచి వెనక్కి పడుకుని ఉంటుంది. కాబట్టి షాఫ్ట్ డ్రైవ్‌కి వంకర తిప్పలు తక్కువ. మోటో గూజీ వాళ్లు ఇలాంటి అమరికను అంతకుముందు నుంచే చేస్తున్నారు, కాకపోతే వాళ్లది 90 డిగ్రీలు, గాలి కూలింగు. ఈ అమరికలో ఒక చిక్కుంది. సిలిండర్ హెడ్ మామూలుగా పెడితే వెనకవైపు కార్బ్యురేటర్లు నేరుగా వచ్చి రైడర్ మోకాళ్లకు గుచ్చుకుంటాయి. హోండా వాళ్లు ఏం చేశారంటే, రెండు హెడ్లనూ 22 డిగ్రీలు మెలితిప్పేశారు. దాంతో కార్బ్యురేటర్లు ట్యాంకు కిందికి, లోపలికి దూరాయి. ఎగ్జాస్టులు బయటివైపుకి తిరిగాయి. మోకాళ్లు బతికిపోయాయి.

కానీ హెడ్ అలా మెలి తిరిగాక, దాని మీద వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ పెట్టి కింద క్రాంకు నుంచి చెయిన్‌తో తిప్పడం తలనొప్పి. రెండూ ఒకే వరసలో ఉండవు కదా. అందుకని కామ్‌ని రెండు సిలిండర్ల మధ్య, ఆ వి పల్లంలో పెట్టి, అక్కడి నుంచి పొట్టి పుష్‌రాడ్లతో, అంటే తోసే కడ్డీలతో, వాల్వులను నొక్కించారు. పుష్‌రాడ్ మాట వినగానే మన బళ్ల పండితులు పెదవి విరుస్తారు. ముసలి టెక్నాలజీ, ట్రాక్టర్ ఇంజను, అని. నాతో ఒకాయన ఇలాగే వాదించాడు. నేను మాట్లాడకుండా మీటరు చూపించాను. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్‌లో ఎర్ర గీత 9,650 ఆర్పీఎం దగ్గర మొదలవుతుంది. సిలిండర్‌కి నాలుగేసి వాల్వులు. బోర్ 78 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 52. ట్రాక్టర్ ఏది ఇంత తిరుగుతుంది?

అదే కామ్‌షాఫ్ట్‌కి ఇంకో రెండు పనులు కూడా అప్పజెప్పారు. దాని వెనక కొస నీళ్ల పంపును తిప్పుతుంది. ముందు కొస రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పుతుంది. ఫ్యాన్‌కి మోటారు లేదు, స్విచ్ లేదు, వైరు లేదు. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. ఈ ఏర్పాటు మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పీనాసితనం కాదూ అనుకున్నాను. ట్రాఫిక్‌లో ఫ్యాన్ స్విచ్ పనిచేయక ఆవిర్లు కక్కుతూ నిలబడ్డ కొత్త బండి పక్క నుంచి ఒకసారి వెళ్లాక ఆ నవ్వు పోయింది. (ఆ పాత ప్లాస్టిక్ రెక్కలకు వయసు మీద పడి పగుళ్లు వస్తాయి, ఒక్కోసారి విరిగి రేడియేటర్‌లోకే ఎగిరి తగుల్తాయి. సర్వీసు చేసిన ప్రతిసారీ టార్చ్ వేసి చూడటం మంచిది. చూశారా, మళ్లీ ఇబ్బందుల్లోకే వచ్చాను.)

పక్కలకి పొడుచుకొచ్చిన ఆ సిలిండర్ల వల్ల కలిగే సుఖం ఒకటి చెప్పాలి. వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు, సరిచేయడం అన్నది చాలా బళ్లలో ట్యాంకు ఊడదీసి, వీపు వంచి, అద్దం పెట్టి చూసే పని. సీఎక్స్‌లో స్టూలు వేసుకుని బండి పక్కన కూర్చుంటే హెడ్ సరిగ్గా ఒళ్లో ఉంటుంది. రెండు బోల్టులు తీస్తే కవర్ చేతికొస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. ఇన్‌లెట్‌కి 0.08, ఎగ్జాస్ట్‌కి 0.10 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్, సందు కొలిచే రేకు. రేకు రాకర్ కింద దూర్చి లాగితే, వెన్నలో కత్తి లాగినట్టు కాస్త పట్టి వదలాలి. వదులుగా ఉంటే లాక్‌నట్ సడలించి స్క్రూ పిసరంత తిప్పాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటే తిరిగిపోతుంది, వెధవది. మళ్లీ మొదటికి. మూడోసారికి కుదురుతుంది. అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది. మొదటిసారి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఇప్పుడు కాఫీ చల్లారేలోపు ఒక పక్క అయిపోతుంది. నాకు యంత్రాల భయం పోగొట్టింది ఈ పనే. బండి మంచిదా కాదా అని అడిగేవాళ్లకు నేను చెప్పలేకపోయే మంచి మాట బహుశా ఇదేనేమో.

ఈ బండి గురించి లోకంలో అందరికన్నా గట్టి అభిప్రాయం ఎవరిదయ్యా అంటే, దాన్ని అసలు ప్రేమించనివాళ్లది. 1980లలో బ్రిటన్‌లో, ముఖ్యంగా లండన్‌లో, ఉత్తరాలూ పార్సిళ్లూ పట్టుకుని ఊరంతా తిరిగే డిస్పాచ్ రైడర్లు ఈ బండిని విపరీతంగా వాడారు. వాళ్లకు బండి అంటే పనిముట్టు. ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. వాళ్లకు వీకెండు ముచ్చట్లు లేవు, పాలిష్ గుడ్డ లేదు. ఎండావానా చూడకుండా రోజంతా నడిపి, నూనె మార్చి, మళ్లీ నడిపేవాళ్లు. లక్ష మైళ్లు దాటిన సీఎక్స్ వాళ్లలో పెద్ద వింత కాదు. అభిమానుల మాటలన్నీ ఒకవైపు పెట్టి, ఈ కూలి లెక్కను ఇంకోవైపు పెడితే, నేను రెండోదాన్నే నమ్ముతాను. అభిమానం ఉన్నవాడు బండి తప్పును తన తప్పుగా నెత్తిన వేసుకుంటాడు. కూలివాడికి ఆ అవసరం లేదు. నచ్చకపోతే మరుసటి వారం ఇంకో బండి మీద కనబడతాడు. వాళ్లు అలా మారలేదు.

అయితే వాళ్లెవరూ ఈ బండి గురించి గొప్పగా చెప్పిన పాపాన పోలేదు. సుత్తిని ఎవరు పొగుడుతారు?

ఇక గంటన్నర ఉపన్యాసం. అది లేకపోతే సీఎక్స్ మీద రాసినట్టే కాదు.

మొదటిది కామ్ చెయిన్, ఆ వి పల్లంలోని కామ్‌ని తిప్పేది. తొలి ఏడాది బళ్లలో దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనంగా ఉండి చెయిన్ వదులై లోపల గీరుకునేది. హోండా ఆ బళ్లను వెనక్కి పిలిచి బాగుచేసింది. బాగుచేసిన ఇంజనుకు గుర్తుగా ఇంజను నంబరు పక్కన మూడు చుక్కలు పొడిచారు. 1978 బండి కొనేవాడు అందుకే మొదట మోకాళ్ల మీద కూర్చుని నంబరు పక్కన వేలితో తడుముతాడు. ఎన్నో ఏళ్ల గ్రీజు కింద ఆ మూడు చుక్కలు వేలికి తగిలితే వాడి మొహంలో వెలుగు చూడాలి.

రెండోది స్టేటర్, బండికి కరెంటు పుట్టించే తీగచుట్టలు. మూడోది నీళ్ల పంపు దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్. ఈ రెండూ ఇంజను వెనక కవర్ దగ్గరే ఉంటాయి, కాబట్టి వీటిలో దేన్ని ముట్టుకోవాలన్నా ఇంజను బండి నుంచి దిగాల్సిందే. నా వరకు వస్తే ఆ సీల్ పోవడానికి కారణం నేనే. మొదటి రెండేళ్లు రేడియేటర్‌లో తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోశాను. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. ఆ నీళ్లలోని సున్నం పొర కట్టి, సీల్ ముఖాన్ని గీసి పారేసింది. ఇక్కడే ఆ కన్నం కథ. సీల్ కారితే ఆ నీరు ఇంజను ఆయిల్‌లో కలవకుండా బయటికి పోవడానికి వెనక కవర్ అడుగున ఒక చిన్న దారి పెట్టారు. పచ్చటి కూలెంట్ చుక్క పడితే మెకానికల్ సీల్, నల్లటి నూనె చుక్క పడితే కామ్ ఆయిల్ సీల్. డాక్టర్ నాలుక చూసినట్టు సీఎక్స్ ఓనర్లు రోజూ పొద్దున బండి కింద ఒక అట్టముక్క చూస్తారు. నేను ఇప్పటికీ పెడతాను. అలవాటు.

ఒక పొద్దున అట్ట మీద రూపాయి బిళ్లంత పచ్చ మరక. మరుసటి రోజు అరచేయంత. నాకు నిద్రపట్టలేదు. ఇంజను దించడం అంటే మాటలా? అంతకుముందు నేను చేసిన అతి పెద్ద పని బ్యాటరీ మార్చడం మరి.

అప్పుడు పనికొచ్చింది ఒక పెద్దాయన. ఆయన దగ్గర ఇదే మోడల్ రెండున్నాయి, ఒకటి నడపడానికి, ఒకటి విప్పుకోవడానికి. ఫోన్‌లో నా గోడంతా విని, "బాబూ, ఆ బండికి ఇంజను కింద ఫ్రేమ్ ఉందా?" అన్నారు. వంగి చూశాను. లేదు. ఇంజను పై నుంచి వేలాడుతోంది. "మరి ఎందుకు ఏడుస్తావు? ఇంజను కింద రెండు పాత టైర్లు పెట్టు. బండి మీదికి ఎత్తు, ఇంజను దానంతటదే మిగిలిపోతుంది."

అంత తేలిక కాదు. సైలెన్సర్ల డబ్బా తుప్పుపట్టి రాలేదు. రేడియేటర్ గొట్టాలు రాయిలా బిగుసుకుపోయాయి. కానీ ఆయన చెప్పినదాంట్లో సారం నిజం. ముందు హ్యాంగర్ విప్పి, ఇంజనును కాస్త ముందుకు లాగితే షాఫ్ట్ స్ప్లైన్ల నుంచి ఊడి వచ్చింది. చివరికి ఇద్దరం కలిసి ఫ్రేమ్‌ని చక్రాల మీదే వెనక్కి నడిపించుకుంటూ పోతే, ఇంజను టైర్ల మీద గుడ్ల మీద కోడిపెట్టలా కూర్చుని ఉంది. నేను సీల్ ఒక్కటే తెచ్చుకున్నాను. పెద్దాయన దాన్ని చూసి, "స్టేటర్ ఏది? కామ్ చెయిన్ ఏది?" అన్నారు. అవి బాగానే ఉన్నాయి కదండీ అన్నాను. "ఇవాళ బాగున్నాయి. వచ్చే ఏడాది మళ్లీ టైర్లు పరుస్తావా?" ఈ మూడు పనులూ ఒకేసారి చేయించడానికి ఓనర్లు పెట్టుకున్న పేరు ట్రిపుల్ బైపాస్. సామాను వచ్చేదాకా ఇంకో మూడు వారాలు ఇంజను ఆ టైర్ల మీదే పొదిగింది.

ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. మళ్లీ ఇంజను దించలేదు.

ఇప్పుడు నా వాదనలో కన్నం ఎక్కడుందో మీరు పట్టుకునే ఉంటారు. కథలు మిగల్చని బండి అని చెప్పి ఇంత కథ చెప్పావేమిటి అని. నిజమే. కానీ గమనించండి, నా పదకొండేళ్ల సంసారంలో కథ అని చెప్పడానికి దొరికింది ఈ ఒక్కటే. అదీ నేను పోసిన కుళాయి నీళ్ల వల్ల. ఏ సీఎక్స్ ఓనర్‌ని కదిపినా ఇదే కథ చెప్తాడు, పేర్లు మార్చి. వాడికీ ఉన్నది అదొక్కటే కాబట్టి, దాన్నే గంటన్నర సాగదీస్తాడు.

తోటి ఓనర్ల మీద నాకు కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. "పాతికేళ్లు ఆయిల్ మార్చకపోయినా నడుస్తుంది" అనేవాళ్లను నమ్మకండి. ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ ఒకటే ఆయిల్, అది పాడైతే రెండూ పాడవుతాయి. వైబ్రేషన్ లేదనేవాళ్లు కొన్ని స్పీడుల దగ్గర అద్దంలో వెనక కారు రెండుగా కనబడటం ఎప్పుడూ చూసినట్టు లేరు. ఖాళీ బరువే 200 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, అందులో పెద్ద వాటా పైనే ఉంటుంది. రోడ్డెక్కాక తెలియదు గానీ, వాలుగా ఉన్న చోట ట్యాంకు నిండా పెట్రోల్‌తో వెనక్కి తోసేటప్పుడు భగవంతుడు గుర్తొస్తాడు. మలుపు మధ్యలో థ్రాటిల్ చటుక్కున వదిలేస్తే షాఫ్ట్ వల్ల వెనక భాగం కుంగుతుంది. ముందు ఫోర్కులు సన్నం, వెనక డ్రమ్ము బ్రేకు. మలుపుల్లో వాలిపోవాలని ఉబలాటపడేవాడు ఈ బండి కొనకూడదు, అంతే. దీన్ని స్పోర్ట్స్ బండితో పోల్చి గెలిపించే ఓనర్లను చూస్తే నాకు చిరాకు. మనవాడు లెక్కల్లో ఫస్టు. పరుగుపందెంలో కూడా ఫస్టేనని ఊరంతా చెప్పుకోవడం ఎందుకు?

నా కథల సిద్ధాంతానికి ఈ ఇంజనే ఒక రుజువు ఇచ్చింది. 1982లో హోండా ఇదే 497 సీసీ ఇంజనుకు ఎగ్జాస్ట్ ఊపుతో గాలిని లోపలికి కుక్కే టర్బో తగిలించి, ఆ రోజుల్లో మోటార్ సైకిళ్లలో అరుదైన ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి, సీఎక్స్500 టర్బో అని అమ్మింది. మామూలు బండిది దాదాపు 50 హార్స్‌పవర్, దీనిది 82. మరుసటి ఏడాది 674 సీసీతో 650 టర్బో వచ్చింది, అది 100. ఏ మోడలూ ఏడాదికి మించి నిలవలేదు. థ్రాటిల్ తిప్పితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత అన్నీ ఒకేసారి జరుగుతాయి. విప్పి బాగుచేయాలంటే పైపుల అడవి. రోజువారీ వాడకానికి అసలు బండితో పోలిస్తే ఏ రకంగానూ మెరుగు కాదని నా అభిప్రాయం. అయినా పాత బళ్లు సేకరించేవాళ్లందరికీ దాని పేరు తెలుసు. నా బండి చూసి, "ఓ సీఎక్సా! టర్బోనా?" అంటారు. కాదనగానే వాళ్ల చూపు పక్క బండి మీదికి పోతుంది.

ఈమధ్య పదిహేనేళ్లుగా ఇంకో ముచ్చట మొదలైంది. కుర్రాళ్లు దీన్ని కోసి కెఫే రేసర్ చేస్తున్నారు. ప్లాస్టిక్ ముక్కు తీసేసి, తోక నరికి, సన్నటి సీటు వేసి, ఆ వి ఇంజను బయటపడేలా చేస్తే, ఒప్పుకోవాలి, ఫొటోలో అదిరిపోతుంది. పురుగు సీతాకోకచిలుక అయినట్టే. నా స్నేహితుడొకడు అలాగే చేశాడు. గాలి డబ్బా కూడా పీకేసి కార్బ్యురేటర్లకు చెరో కోన్ ఫిల్టర్ తగిలించాడు. వాక్యూమ్‌తో పైకి లేచే స్లైడ్లున్న కార్బ్యురేటర్లవి. గాలి ఎలా వస్తుందన్న దాని మీదే వాటి బతుకంతా. మధ్య ఆర్పీఎంల దగ్గర బండి దగ్గడం మొదలైంది. జెట్లు మార్చాడు, సూదులు మార్చాడు, మళ్లీ జెట్లు మార్చాడు. ఆర్నెల్లు.

నేను దెప్పుతూ వచ్చాను. ముప్పై ఏళ్లు ఎవడికీ పని పెట్టని బండికి నువ్వు పని నేర్పావురా అని. వాడికి ఒకరోజు కోపమొచ్చింది. "నువ్వు దీన్ని ఎంతమందికి చూపించావు? నేను ఎక్కడ ఆపినా నలుగురు వచ్చి అడుగుతారు, ఇదేం బండి అని. నీ దగ్గరికి డీజిలా అని అడగడానికి వస్తారు." నా దగ్గర జవాబు లేకపోయింది. వాడిలాంటి వాళ్ల దయవల్లే కొందరు స్క్రాపుకి పోవాల్సిన ఇంజన్లను దాచి పెట్టుకుంటున్నారు, విడిభాగాలు తయారుచేసేవాళ్లకు గిరాకీ నిలబడింది. నా స్టేటర్ కూడా అలాంటి గిరాకీ వల్లే దొరికింది. అది తెలిసీ, కోసి పారేసిన ఆ తోక ముక్కను వాడి షెడ్డు మూల నుంచి నేను తెచ్చి దాచుకున్నాను. ఎప్పటికైనా వాడు అడుగుతాడు.

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎవరి దగ్గరో నా నంబర్ తీసుకున్నాడట. ఎక్కడో షెడ్డులో పదేళ్లుగా కదలని సీఎక్స్ ఒకటి అమ్మకానికుందని, కొనచ్చా అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. మొదటి ఏడాది బండైతే మూడు చుక్కలు చూడమన్నాను. ఫ్యాన్ రెక్కలు చూడమన్నాను. ఇంజను బాగా వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూడమన్నాను, స్టేటర్ కాయిల్స్ పోతుంటే అప్పుడే మొండికేస్తుంది. కింద అట్ట పెట్టి ఒక గంట వదిలేయమన్నాను. పచ్చ చుక్క, నల్ల చుక్క తేడా చెప్పాను. బరువు చెప్పాను, బ్రేకులు చెప్పాను. పెద్దాయన టైర్ల కథ మొత్తం చెప్పాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. "అయితే వద్దంటారా అన్నా?" అన్నాడు చివరికి.

అప్పుడు గుర్తొచ్చింది, ఒక్క మంచి ముక్క కూడా చెప్పలేదని. ఏదైనా చెప్దామని వెతుక్కున్నాను. 22 డిగ్రీల మెలి గురించి చెప్దామా, డిస్పాచ్ రైడర్ల గురించి చెప్దామా, ఒళ్లో కూర్చునే సిలిండర్ హెడ్ గురించి చెప్దామా.

"వద్దని కాదు తమ్ముడూ. బాగానే ఉంటుంది," అన్నాను.

మళ్లీ కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు.

"అన్నా, ఆ కన్నం సరిగ్గా ఎక్కడ ఉంటుందన్నారు?"